కుటుంబ ఫోటోలో ఎవరెవరు నిలువవలెను?

ధ్యాన భాగము: 1 సమూయేలు 16:1-13



కోతలు ముగిసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడి, దూరదేశములకు పనులకు వెళ్లిన పిల్లలు క్రిస్మసుకు ఇండ్లు చేరుకొను ఈ దినములలో మన పల్లెలలో ఒక కోరిక పుట్టుచుండును. అందరమును ఉన్నాము గదా, ఒక ఫోటో తీయించుకొందము అని. కుమారుడు మరల గల్ఫునకు విమానమెక్కక ముందు, కుమార్తె అత్తవారింటికి తిరిగి పోకముందు, తల్లిదండ్రుల చూపు మసకబారక ముందు, ఒక్కసారి అందరును ఒక్కచోట నిలువవలెనని ఆశ. ఇది మంచి ఆశ. దీనిని మేము తప్పుపట్టము.

అయితే ఇంత చిన్న పనికి సిద్ధపడుటలో మనుష్య హృదయము ఎంతగా బయలుపడునో మీరు ఎప్పుడైనను గమనించితిరా? ఫోటో తీయుటకు ఒక్క క్షణము చాలును. సిద్ధపడుటకు దినమంతయు పట్టును. ఆ దినమున ఎవరికి కబురు పంపుదురు, ఎవరికి పంపరు, ఎవరిని ముందు కుర్చీలో కూర్చుండబెట్టుదురు, ఎవరిని వెనుకకు జరుగుమందురు అనునవి చూచినచో ఆ యింటి సంగతి చాలవరకు తెలిసిపోవును. కెమెరా చూచునది ఆ క్షణమును మాత్రమే. దేవుడు ఆ దినమంతయు చూచుచున్నాడు.

కాబట్టి ఈ నెల మనము రెండు ప్రశ్నలను గూర్చి ఆలోచింతము. ఫోటో కొరకు అలంకరించుకొనుట అబద్ధమాడుట వంటిదా? ఇది మొదటిది. ఫోటోలో ఎవరెవరు నిలువవలెను? ఇది రెండవది, దానికంటె పెద్దది.

మొదటి ప్రశ్న. కొందరు భక్తిపరులు ఇట్లందురు: "ఉన్నది ఉన్నట్లు కనబడవలెను గాని, పౌడరు పూసికొని, పెట్టె అడుగునున్న పట్టుచీర తీసి కట్టుకొని, లేని నవ్వు తెచ్చిపెట్టుకొనుట వేషధారణ కాదా?" ఈ మాటను కొట్టివేయరాదు. కాని పరిశుద్ధ గ్రంథము దీనికి ఒకే మాటతో జవాబు చెప్పుట లేదు. ఆదికాండములో ఇద్దరు మనుష్యులు బట్టలు మార్చుకొనిరి. వారిని ప్రక్క ప్రక్కన నిలిపి చూడుడి.

ఒకడు యోసేపు. చెరసాలలోనుండి ఫరో యెదుటికి రమ్మని పిలుపు వచ్చినప్పుడు అతడు క్షౌరము చేయించుకొని, వేరు బట్టలు కట్టుకొని వెళ్లెను (41:14). దీనిని ఎవరును మోసమనరు. చెరసాల మురికి యోసేపు కాదు. అది అతనికి అంటినది మాత్రమే. దానిని కడిగికొని, తాను యోసేపుగానే రాజు ఎదుట నిలిచెను.

మరియొకడు యాకోబు. తల్లియైన రిబ్కా పెద్ద కుమారుని మంచి బట్టలు తీసి అతనికి తొడిగి, చేతులకు మేకపిల్లల చర్మము కట్టెను (27:15-16). ఇదియు అలంకారమే. కాని అది యాకోబు యాకోబుగా కనబడుటకు కాదు, ఏశావుగా కనబడుటకు. చూపు మందగించిన తండ్రిని భ్రమపెట్టి, అన్నకు చేరవలసిన ఆశీర్వాదమును తీసికొనుటకు.

చూచితిరా? బట్ట మార్చుకొనుటలో పాపము లేదు. మనము ఎవరమో ఆ మనిషిగానే శుభ్రముగా నిలుచుటకు కట్టుకొంటిమా, లేక మరియొకరిగా చలామణి అగుటకు కట్టుకొంటిమా, ఇదియే ప్రశ్న. మా మట్టుకు మేము దీనికి ఒక కొలత పెట్టుకొంటిమి. ఈ ఫోటో చూచి ఎవరైనను మోసపోవుదురా? దీనివలన ఎవరి పాలైనను తగ్గునా? ఈ రెంటికిని కాదని చెప్పగలిగినచో, పట్టుచీర కట్టుకొనుడి, తల నూనె రాచి దువ్వుకొనుడి, పూలు పెట్టుకొనుడి, సంతోషించుడి. ఏడాదంతయు బురదలో నాట్లు వేసిన చేతులు ఒక దినము శుభ్రమైన బట్ట తాకినచో ఎవనికి నష్టము?

కాని పెండ్లి సంబంధమునకు పంపు ఫోటోలో ఎరువు తెచ్చిన నగలు పెట్టి అవి మనవే యన్నట్లు నమ్మించినచో, అది రిబ్కా కట్టిన మేకచర్మము. అవతలి యింటివారు దానిని చూచి ఒక లెక్క వేసికొందురు. ఆ లెక్క తప్పినప్పుడు దెబ్బలు తినునది ఫోటో కాదు, మన బిడ్డ. అట్లే ఫోటో ముచ్చట కొరకు వడ్డీకి అప్పు తెచ్చి అందరికిని ఒకే రంగు బట్టలు కుట్టించినచో, ఆ ఫోటో గోడమీదికి ఎక్కిన తరువాతను వడ్డీ కొట్టములోని గేదెను అడుగుచునే యుండును.

ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. నల్లని పిల్లను చూచి, "నువ్వు వెనకాల నిలబడు, ఫోటో పాడవుద్ది" అనువారు మన యిండ్లలోను ఉన్నారు. పూర్వము స్టూడియోలలో నెగటివు మీద సన్నని పెన్సిలుతో దిద్ది ముఖపు మచ్చలను పోగొట్టెడివారు. ఇప్పుడు చేతిలోని ఫోనే ముఖమును తెల్లబరచుచున్నది. అడుగకుండనే తెల్లబరచు ఫోనులును కలవు. పది పన్నెండు ఏండ్ల పిల్ల తన ముఖమును తెల్లబరచిన ఫోటోలో చూచుకొని, తన స్వంత ముఖము తన కుటుంబమునకు పనికిరాదని నేర్చుకొనును. ఇది ఎంత క్రూరమైన పాఠమో ఆలోచించుడి. పరమగీతములోని స్త్రీ తాను నల్లనిదాననని దాచుకొనలేదు. సహోదరులు తనను ద్రాక్షతోటలకు కావలి పెట్టినందున ఎండ తగిలెనని చెప్పెను (1:5-6). మన పిల్లలలో ఎందరో మిరపచేలలో, పత్తిచేలలో మనకొరకే ఎండకు మాడినవారు. మనకొరకు మాడిన ముఖమును మనమే సిగ్గుపడి చెరిపివేయుదుమా?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వచ్చుచున్నాము.

యెష్షయి యింట జరిగిన దానిని చదువుడి. సమూయేలు బేత్లెహేమునకు వచ్చి, యెష్షయిని అతని కుమారులను శుద్ధిచేసి బలికి పిలిచెను. అదియొక సిద్ధపాటు దినము. కుమారులు వరుసగా వచ్చిరి. ముందుగా పెద్దవాడైన ఏలీయాబు, ఎత్తరి, చూపరి. తరువాత అబీనాదాబు, షమ్మా. ఈ రీతిగా ఏడుగురు దాటిపోయిరి. తండ్రి దృష్టిలో కుటుంబ మంతయు వచ్చినట్లే. ఇంకెవరైనను మిగిలియున్నారా యని ప్రవక్త అడిగినప్పుడు మాత్రమే, ఇంకొకడున్నాడు, గొఱ్ఱెలయొద్ద ఉన్నాడు అను మాట బయటికి వచ్చెను. యెష్షయి దుర్మార్గుడు కాడు. చిన్నవాని మీద పగ కలిగినవాడును కాడు. మందను ఎవరో ఒకరు కాయవలెను గదా, అది మామూలుగా వాడే చేయుచున్నాడు గదా, కాబట్టి వాడు లెక్కకు రాలేదు. అంతే. అతడు వచ్చువరకు తాము కూర్చుండమని సమూయేలు చెప్పి, పంక్తి నంతటిని నిలిపివేసెను.

మన యిండ్లలో గొఱ్ఱెలయొద్ద ఉన్నవారు ఎవరు? పొయ్యి దగ్గర ఉన్నవారు. "మీరు దిగండి, కూర మాడిపోద్ది" అని లోపలనే ఉండిపోవు తల్లి. పశువులకు నీళ్లు పెట్టుటకు వెళ్లిన పెద్దయ్య. పక్షవాతముతో మంచముపట్టిన తాత. బుద్ధిమాంద్యము గల పిల్లవాడు, బంధువులు వచ్చినప్పుడు లోపలి గదిలో ఉంచబడువాడు. భర్త చనిపోయిన ఆడబిడ్డ: శుభకార్యపు ఫోటోలో విధవ ముందు నిలువరాదని చెప్పువారు బాప్తిస్మము పొందిన యిండ్లలో ఇంకను ఉండుట మనకు అవమానము. మరియు ఇష్టము లేని పెండ్లి చేసికొన్నదని పేరు ఎత్తని కుమార్తె. పాత ఫోటోలలోనుండి ఆమె ముఖమును కత్తెరతో కత్తిరించిన యిండ్లను మేము చూచితిమి. ఫోటోలో ఆ చోట తండ్రి చేయి ఇంకను ఉండును, ఆ చేయి ఎవరి భుజము మీద ఉన్నదో తెలియదు.

మత్తయి తన సువార్తను ఒక కుటుంబ వరుసతో ప్రారంభించెను. అట్టి వరుసలో సాధారణముగా దాచిపెట్టబడువారిని అతడు పేరుపేరున నిలిపెను: తామారును, రాహాబును, అన్యురాలైన రూతును, ఊరియా భార్యయైన ఆమెను. పరువు చూచుకొను వంశకర్త ఎవడైనను కత్తెర పట్టియుండును. ప్రభువుయొక్క కుటుంబ వరుసలో కత్తెర పడలేదు.

ఈ సంగతి మన సంఘములకు మరి దగ్గరగా తగులవలెను. ఎందుకనగా మనమే ఒకప్పుడు వరుసలో లేనివారము. 1839వ సంవత్సరమందు ఫ్రాన్సు దేశములో డాగేరు అను నతని ఛాయాచిత్ర పద్ధతి లోకమునకు వెల్లడియైనది. ఆ తొలి దినములలో ముఖము పలకమీద పడుటకు నిమిషముల కాలము పట్టుటచేత, తల కదలకుండ మెడ వెనుక ఇనుప ఊత పెట్టెడివారు. తరువాత ఈ విద్య మన దేశమునకు వచ్చినప్పుడు అది రాజులకును గొప్పవారికిని అందినది. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదునందు పరదా పాటించు స్త్రీల కొరకు వేరుగా ఒక స్టూడియో తెరచి, దానిని నడుపుటకు ఒక స్త్రీనే నియమించెను. గొప్ప యింటి స్త్రీ గౌరవము కొరకు అంత శ్రద్ధ. ఊరి చివర గుడిసెలలోని మన ముత్తవ్వలను ఏ కెమెరా పిలిచినది? మిషను పత్రికలలో అచ్చయిన పాత ఫోటోలలో వారు కొందరు కనబడుదురు. కాని అక్కడను తరచుగా దొరగారి పేరు, దొరసానిగారి పేరు అచ్చయి, ప్రక్కన నిలిచిన బైబిలు స్త్రీ పేరు, ఉపదేశి పేరు లేకపోయెను. కాలినడకన ఊరూరు తిరిగి మనకు అక్షరములు నేర్పినవారు వారే. వారి ముఖములు మిగిలినవి, పేర్లు పోయినవి.

మన వృద్ధులలో అనేకులకు మొదటి ఫోటో 1993 తరువాత వచ్చిన ఓటరు గుర్తింపు కార్డుమీదిది. సమాధి కూడికకు మేము వెళ్లినప్పుడు గోడకు పెట్టుటకు ఒక ఫోటో అడుగుదురు. ఇల్లంతయు వెదకి, చివరకు ఆధారు కార్డులోని బొమ్మను పట్టణములో పెద్దది చేయించి తెచ్చెదరు. ఆరుగురు పిల్లలను పెంచిన తల్లి, గుర్తుపట్టలేనంతగా చెదిరిన ముఖముతో, ప్రభుత్వపు ఫోటోలో ఒంటరిగా నిలుచును. బీదతనమే దీనికి కారణమా? ఇప్పుడు ఇంటింట ఫోనులో కెమెరా ఉన్నది గదా. లోటు డబ్బుది కాదు. సమూయేలు అడిగిన ప్రశ్నను ఆ యింట ఎవరును అడుగలేదు.

ఇక్కడ ఒక కుటుంబపు సంగతి చెప్పుదుము. పేరును ఊరును చెప్పము. అన్నదమ్ములిద్దరు పొలము గట్టు విషయమై మూడేండ్లుగా మాటలాడుకొనుట లేదు. తల్లికి డెబ్బది దాటినవి. ఇద్దరు కుమారులతో ఒక ఫోటో కావలెనని ఆమె కోరిక. పట్టణమునుండి ఫోటోగ్రాఫరు వచ్చెను. తమ్ముడు ఉన్నచోట తాను నిలువనని అన్న చెప్పెను. ఫోటోగ్రాఫరు మంచి మనస్సుతోనే, "దానికేముందమ్మా, విడివిడిగా తీసి కంప్యూటర్లో కలిపేస్తాను. చూసినోళ్లకి తెలీదు" అనెను.

ఆ తల్లి, "చూసినోళ్లకి తెలీకపోతే నాకు తెలీదా నాయనా? రేపు నా పెట్టె కూడా విడివిడిగానే మోస్తారా?" అనెను.

ఆ దినమున ఫోటో తీయలేదు. బస్సు చార్జీ ఇచ్చి అతనిని పంపివేసిరి. తరువాతి ఆదివారము ప్రభురాత్రి భోజనము. అన్న బల్లయొద్దకు రాలేదు, వెనుక బెంచీమీదనే కూర్చుండెను. బలిపీఠమునొద్ద అర్పణము విడిచిపెట్టి మొదట సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు చెప్పిన సంగతి (మత్తయి 5:23-24) అతడు ఎరిగినవాడే. ఆ సాయంకాలము అతడు తమ్ముని వాకిటికి పోయి నిలిచి, "అమ్మ ఫోటో అంటంది. రేపు రా" అనెను. అంతకు మించి ఒక్క మాట లేదు.

గట్టు తగాదా ఇంకను తీరలేదు. సర్వేయరు కొలత ఇంకను కావలసియున్నది. ఫోటోలో అన్నదమ్ములిద్దరికిని నవ్వు లేదు. నడుమ తల్లి కూర్చుండి ఇద్దరి చేతులను పట్టుకొనియున్నది. ఆ ఫోటోలో నవ్వు లేదు గాని అబద్ధమును లేదు.

ఎవరైనను ఇట్లడుగవచ్చును: "తగాదా తీరకుండ కలిసి నిలుచుట మాత్రము వేషధారణ కాదా?" కాదని మేము తలంచుచున్నాము. మా మధ్య తగాదా లేదని ఆ ఫోటో సాక్ష్యమిచ్చుట లేదు. మేము ఒక తల్లి బిడ్డలమని సాక్ష్యమిచ్చుచున్నది. ఈ సత్యము గట్టుకంటె ముందు పుట్టినది. గట్టు తేలినను తేలకపోయినను నిలుచును. విడివిడిగా తీసి అతికించిన ఫోటోయైతే, నిలువని చోట నిలిచితిమని చెప్పి, నిలువవలసిన పనిని తప్పించెడిది. చనిపోయిన భర్త ముఖమును తన ప్రక్కన చేర్పించుకొను విధవరాలి ఫోటో వేరు. ఆయన లేడని అందరికిని తెలుసును. అక్కడ ఎవరును మోసపోరు, చేయవలసిన ఏ పనియు తప్పిపోదు. అది జ్ఞాపకము.

ఇంకొక హెచ్చరిక. ఎవరిని విడువరాదని చెప్పుచు, దెబ్బలు కొట్టు భర్త ప్రక్కన నిలిచి నవ్వుమని భార్యను బలవంతపెట్టకుడి. ఫోటోలో చోటు ఇచ్చుట వేరు, గాయమును చీరకొంగుతో కప్పించుట వేరు. ఆమెకు మొదట కావలసినది కాపుదల. ఆమె నిలువనన్నచో ఆ మాటను గౌరవించుడి.

ఈ సంవత్సరము మీరు ఫోటో తీయించుకొనునప్పుడు కొన్ని చిన్న సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. ముందుగానే దినము చెప్పుడి, పొయ్యి దగ్గరివారికి మొదట చెప్పుడి. ఆ పూట వంట ఒక గంట ఆలస్యమైనను పరవాలేదు. నడినెత్తి ఎండలో కన్నుల క్రింద నీడలు పడును గనుక, ప్రొద్దుటి వెలుగులో గాని సాయంకాలపు వెలుగులో గాని, వాకిటిలోని వేపచెట్టు నీడన నిలువుడి. మంచము పట్టినవారిని వాకిటికి తేలేనిచో, మంచము చుట్టు మీరే నిలువుడి. పిల్లవాడు ఏడ్చినచో కొట్టకుడి. ఏడ్చు పిల్లవాడును కుటుంబములోని వాడే. ప్రతి వృద్ధునికి, ప్రతి వృద్ధురాలికి వారు బ్రదికియుండగానే ఒక మంచి ఫోటో వేరుగా తీయుడి. ఫోను పగిలినచో దానిలోనివి పోవచ్చును గనుక, ఒక్కటైనను కాగితముమీద అచ్చు వేయించుడి. దాని వెనుక మెత్తని పెన్సిలుతో సంవత్సరమును, అందరి పేర్లను ఎడమనుండి కుడికి వ్రాయుడి. కోడలి పేరును "పెద్దవాని భార్య" అని వ్రాయక, ఆమె పేరే వ్రాయుడి. చెదలు, చెమ్మ తగులని చోట ఉంచుడి.

యెష్షయి యింటి సంగతి వ్రాసినవాడు, మనుష్యులు పైరూపమును చూతురని చెప్పిన తరువాతనే, దావీదు చక్కని నేత్రములు గలవాడని కూడ వ్రాసెను. దేవుని వాక్యము అందమును ద్వేషించుట లేదు. ఆ అందము గొఱ్ఱెలయొద్ద ఉండిపోయెను గనుక ఇంటివారు చూడలేదు; పిలిచిన తరువాత అందరును చూచిరి. మీ యింటిలోను పిలువబడని చక్కదనము ఒకటి ఉండవచ్చును. ఫోటో తీయువాడు సిద్ధమాయెనా యని అడిగినప్పుడు, యింటి పెద్ద ఒక్క క్షణము ఆగి, వెనుకకు తిరిగి, లెక్క చూచుకొనవలెను. ఎవరైనను తక్కువైనచో, వారు వచ్చువరకు అందరును నిలిచియుండవలెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన యింటిలో ఫోటోలేని వారు ఎవరు? ఏలయనగా ఏమి?
2. మనము కబురు పంపవలసినవారు ఎవరైనను ఉన్నారా? ఎవరు వెళ్లుదురు? ఎప్పుడు?

ప్రభువు మీ గృహములను, దూరముననున్న మీ బిడ్డలను, మీరు పేరు ఎత్తుట మానివేసిన వారిని సహితము కాపాడునుగాక. ఆమేన్.